ముందు వీపు చూడండి

పిల్లలు మూత్రం ఆపుకోలేకపోతే మన ఇళ్లలో దానికి మూడు కారణాలు సిద్ధంగా ఉంటాయి: బద్ధకం, భయం, గారాబం. లాగుకు మలం కూడా అంటితే నాలుగోది చేరుతుంది, మొండితనం. ఏదీ సరిపోకపోతే "పెద్దయితే అదే తగ్గుతుందిలే" అని సర్దుకుంటాం. చాలామంది విషయంలో ఆ చివరి మాట నిజమే. ఐదేళ్ల పిల్లల్లో దాదాపు 15 శాతం మంది రాత్రిపూట పక్క తడుపుతారు. వారిలో ఏటా ఇంచుమించు ఏడో వంతు మందికి ఏ మందూ లేకుండానే అది మానిపోతుంది. మలబద్ధకంతో బాధపడే పిల్లల్లోనూ నూటికి తొంభై మందికి పైగా శరీరంలో పుట్టులోపం ఏదీ ఉండదు. కాబట్టి పక్క తడిపే ప్రతి పిల్లవాడినీ ఎంఆర్ఐ యంత్రం దగ్గరికి తీసుకుపొమ్మని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

ఇది మిగిలిన కొద్దిమంది గురించి. వారి ఇబ్బందికి మూలం మూత్రాశయంలో లేదు, పేగులో లేదు, మనసులో అసలే లేదు. వెన్నులో ఉంది. ఆ పిల్లలను పోల్చుకోవడానికి మొట్టమొదట కావలసింది ఖరీదైన పరీక్ష కాదు. లాగు దించి, బోర్లా పడుకోబెట్టి, నడుము కింద నుంచి పిరుదుల మధ్య చీలిక దాకా ఒక్క నిమిషం చూడడం. ఆ నిమిషం ఎవరూ వెచ్చించక ఏళ్లు గడిచిపోతాయి. ఆ ఏళ్లలో నిశ్శబ్దంగా దెబ్బతినేవి మూత్రపిండాలు.

వెన్నుకూ మూత్రానికీ ఏమిటి సంబంధం? మూత్రాశయం ఒక కండర సంచి. మూత్రం చేరుతున్నంతసేపు ఆ కండరం వదులుగా ఉండి సాగాలి, కింద ద్వారం బిగిసి ఉండాలి. విసర్జన వేళ ఇది తిరగబడాలి: పైన సంచి ముడుచుకోవాలి, కింద ద్వారం సడలాలి. ఈ రెండింటినీ నడిపే నాడులు వెన్నుపాము చిట్టచివరి భాగం నుంచి, త్రికాస్థి ప్రాంతానికి చెందిన రెండు, మూడు, నాలుగో నాడీమూలాల ద్వారా వస్తాయి. మలద్వారం బిగువుకూ, పెద్దపేగు చివరి భాగం కదలికకూ దిక్కు ఆ నాడులే. పాదాల్లోని చిన్న కండరాలకు వెళ్లే నాడులు కూడా ఆ పక్కనుంచే బయలుదేరుతాయి. అందుకే వెన్ను అడుగున ఏదైనా తేడా వస్తే మూత్రం, మలం, పాదం మూడూ కలిసి దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఒక పిల్లకు మూత్రం సమస్యకు ఒక డాక్టరు, మలబద్ధకానికి ఇంకో డాక్టరు, పాదం వంకరకు మరో డాక్టరు మందులిస్తున్నారంటే, ముగ్గురూ ఒకే జబ్బుకు మూడు కొసలు పట్టుకుని ఉండవచ్చు.

వెన్నుపాము దెబ్బతిన్న పిల్లల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి సంచీ ద్వారమూ ఒకదానికొకటి ఎదురు తిరగడం. సంచి ముడుచుకుంటుంది, అదే సమయంలో ద్వారం కూడా బిగుసుకుంటుంది. పైపు చివర కవాటం కట్టేసి మోటారు వేసినట్టు లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. దారి దొరకని మూత్రం వెనక్కి, మూత్రపిండాల వైపు ఎగదన్నుతుంది. మూత్రపిండాలు ఉబ్బుతాయి, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు వస్తాయి, మచ్చలు పడతాయి. 1981లో అమెరికాలో ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ బృందం ఇలాంటి పిల్లలను పరిశీలించి ఒక హద్దు చెప్పింది. మూత్రం కారడం మొదలయ్యే వేళకు మూత్రాశయంలో ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి మట్టాన్ని దాటితే ఆ పిల్లల మూత్రపిండాలు చెడిపోయే ప్రమాదం ఎక్కువ. నేటికీ ప్రపంచమంతటా ఈ పిల్లల వైద్యంలో ఆ అంకెను గుర్తుపెట్టుకుంటారు.

దీనిలో ఇమిడి ఉన్న ఒక తిరకాసు తల్లిదండ్రులకు తెలియాలి. వెన్ను జబ్బు ఉన్న పిల్లల్లో అస్తమానం తడుస్తున్న పిల్లవాడికంటే పొడిగా ఉన్న పిల్లవాడే ఒక్కోసారి ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. మూత్రం కారిపోవడం ఇబ్బందే, సిగ్గే. కానీ అది ప్రెషర్ కుక్కర్ విజిల్ లాంటిది. విజిల్ వేయని కుక్కర్‌ను ఎవరూ మంచి కుక్కర్ అనరు కదా. "మా వాడికి వీపు ఆపరేషన్ అయింది, ఇప్పుడు మూత్రం కారడం లేదు, బాగైపోయాడు" అని ఇంట్లో అనుకుంటున్న పిల్లవాడికి ఒక్క అల్ట్రాసౌండ్ అయినా చేయించి చూడాలి.

ఈ లోపాల్లో ఎక్కువ భాగం తల్లి గర్భంలో మొదటి నెలలోనే ఏర్పడతాయి. పిండం వీపు మీద ఒక పలుచని పొర రెండు అంచులూ కలుపుకుని గొట్టంగా మారుతుంది. మెదడూ వెన్నుపామూ దాని నుంచే పుడతాయి. గర్భధారణ జరిగిన 28 రోజుల లోపే ఈ గొట్టం మూసుకోవాలి. అంటే చాలామంది స్త్రీలకు నెల తప్పిందన్న సంగతి రూఢి కాకముందే అంతా జరిగిపోతుంది. కింది భాగం మూసుకోకపోతే బిడ్డ వీపు మీద తెరిచిన పుండులా, నీటి తిత్తిలా కనబడుతుంది. ఇదే బహిరంగ స్పైనా బైఫిడా. దీన్ని ఎవరూ చూడకుండా వదిలేయరు. పుట్టిన రోజే హడావిడి మొదలవుతుంది.

వదిలేసేది రెండో రకాన్ని. చర్మం చక్కగా కప్పి ఉంటుంది, కిందే లోపం దాగి ఉంటుంది. కొందరిలో కొవ్వుగడ్డ వెన్నుపాములోకి చొచ్చుకుపోయి ఉంటుంది. కొందరిలో వెన్నుపాము ఒక ఎముక ముక్క చేతనో, పొర చేతనో రెండుగా చీలి ఉంటుంది. ఇంకొందరిలో చివరి తంతువు మందంగా, బిగువుగా ఉంటుంది. ఫలితం మాత్రం ఒకటే: వెన్నుపాము కింద అతుక్కుపోతుంది. మామూలుగా బిడ్డ పెరిగేకొద్దీ వెన్నెముక వెన్నుపాము కంటే వేగంగా పొడవు సాగుతుంది కాబట్టి వెన్నుపాము చివర మెల్లగా పైకి జరుగుతూ పోతుంది. పెద్దవారిలో అది నడుము వెన్నుపూసల్లో మొదటిదో, రెండోదో దగ్గర ఆగుతుంది. అతుక్కుపోయిన వెన్నుపాముకు ఆ వెసులుబాటు ఉండదు. గుంజకు కట్టిన దూడలా, కదిలిన కొద్దీ తాడు లాగుతుంది. అందుకే కొందరు పిల్లలు నాలుగైదేళ్ల దాకా బాగానే ఉండి, పొడవు పెరిగే వయసులో మళ్లీ తడపడం మొదలుపెడతారు. ఒకసారి మూత్రం మీద అదుపు వచ్చాక అది పోవడాన్ని "కొత్త స్కూలు భయం" అని తేల్చేసేముందు వీపు చూడాలి.

మరో రకంలో త్రికాస్థి ఎముకే పూర్తిగా ఏర్పడదు. తల్లికి గర్భానికి ముందునుంచే మధుమేహం ఉండి అదుపులో లేకపోతే ఈ లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ పిల్లల వీపు మీద ఏ మచ్చా ఉండకపోవచ్చు. పిరుదులు చదునుగా, మధ్య చీలిక పొట్టిగా ఉంటాయి, అంతే. పక్కనుంచి తీసిన ఒక మామూలు ఎక్స్‌రేలో తెలిసిపోయేది బడి వయసు దాకా బయటపడకుండా ఉంటుంది.

పుట్టుకతో వచ్చినవే కాదు, మన దేశంలో మరచిపోకూడని కారణం వెన్ను క్షయ. 1779లో పెర్సివాల్ పాట్ వర్ణించిన జబ్బు ఇంకా మనల్ని వదల్లేదు. వారాల తరబడి వెన్నునొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వీపు మీద ఎముక గూనిలా పొడుచుకురావడం, ఆ తర్వాత కాళ్లు తూలడం, మూత్రం బంధించడం. వెన్నుపాము వాపు, చీముగడ్డ, కణితి, దెబ్బ తగలడం కూడా ఇదే పని చేస్తాయి. నిన్నటిదాకా బాగున్న పిల్లకు ఒక్కసారిగా మూత్రం రాకుండా పోయి, కాళ్లు బలహీనపడితే అది రేపటిదాకా ఆగే వ్యవహారం కాదు. ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి.

నివారణ మాటకు వస్తే తెలుగువారికి కొంచెం గర్వపడే హక్కు ఉంది. గొట్టం సరిగా మూసుకోవడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ సంస్థలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం. అప్పట్లో వారి దృష్టి రక్తహీనత మీద ఉంది. దాని వెనక కూడా మన నేలే ఉంది. 1930 ప్రాంతంలో బొంబాయి గర్భిణుల రక్తహీనతకు ఈస్ట్ సారంతో గుణం కనిపిస్తోందని లూసీ విల్స్ గమనించింది. వెన్నుతో దీనికున్న బంధం నిస్సందేహంగా తేలింది 1991లో. అప్పటికే ఒక బిడ్డకు ఈ లోపం వచ్చిన తల్లులు తర్వాతి గర్భానికి ముందునుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి అధ్యయనం చూపింది. మిగతా స్త్రీలందరికీ రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు.

ఇంత తెలిసీ మనం ఎక్కడ తప్పుతున్నాం? సమయం దగ్గర. గర్భిణిగా పేరు నమోదైన తర్వాత ఇచ్చే మాత్ర రక్తహీనతకు పనికొస్తుంది, మూసుకోకుండా ఉండిపోయిన గొట్టాన్ని మూయలేదు. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం బలవర్ధక బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉండాలి. రోజుకు మూడు వందల గ్రాముల బియ్యం తినే మనిషికి దానివల్ల అందేది 22 నుంచి 38 మైక్రోగ్రాములు. అవసరం 400 అయినప్పుడు అది ఏ మూలకు? పెళ్లయి బిడ్డ కోసం చూస్తున్న అమ్మాయికి మాత్ర ముందుగా అందాలి. ఈ విషయంలో ఛత్తీస్‌గఢ్‌కు ఒక సౌలభ్యం ఉంది. సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రం కావడంతో ఫోలిక్ ఆమ్లం మాత్ర అక్కడి పల్లెల్లో చాలామందికి పరిచయమే.

సికిల్ సెల్ ప్రస్తావన మరో కారణానికీ అవసరం. ఆ జబ్బులో మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేవు, మూత్రం ఎక్కువగా తయారవుతుంది, అందువల్ల పక్క తడపడం ఆ పిల్లల్లో మామూలే. కాబట్టి రాయపూర్‌లో పక్క తడిపే పిల్లవాడిని చూసే డాక్టరు రక్తం గురించీ అడగాలి, వీపూ చూడాలి. విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉంటే చక్కెర పరీక్ష కూడా. మగపిల్లల్లో ధార సన్నగా, బలహీనంగా ఉంటే మూత్రనాళంలో పుట్టుకతో వచ్చిన అడ్డుపొరలను అనుమానించాలి. ఆడపిల్ల మామూలుగా మూత్రానికి వెళ్తూనే రోజంతా చుక్కలు చుక్కలుగా తడుస్తుంటే మూత్రనాళిక తప్పు చోట తెరుచుకుందేమో చూడాలి. అన్నీ వెన్నువే కావు.

మరి వెన్ను అనుమానం ఎప్పుడు? రాత్రి ఒక్కటే కాక పగలు కూడా తడిసేవారిలో. మూత్రం వస్తున్నట్టు తెలియనివారిలో. ముక్కుతూ, ఆగి ఆగి పోసేవారిలో. మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చేవారిలో. మూత్రంతోపాటు మలం కూడా అదుపులో లేనివారిలో. అప్పుడు వీపు మీద వెతకవలసినవి: నడుము మధ్యలో మెత్తని గడ్డ, వెంట్రుకల కుచ్చు, ఎర్రని మచ్చ, తోకలాంటి చర్మపు ముక్క, పక్కకు వంకర తిరిగిన పిరుదుల చీలిక, సొట్ట. అన్ని సొట్టలకూ కంగారు పడనక్కర లేదు. మలద్వారానికి 2.5 సెంటీమీటర్ల లోపల, సరిగ్గా మధ్యలో, 5 మిల్లీమీటర్ల కంటే చిన్నగా ఉన్న సొట్ట చాలామంది పసివాళ్లలో ఉంటుంది, దానివల్ల ఏ హానీ లేదు. అంతకంటే పైన ఉన్నా, పెద్దదైనా, పక్కన మరో గుర్తు ఉన్నా, నీరు ఊరుతున్నా పరీక్ష చేయించాలి. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లో అయితే వెన్నెముక వెనక భాగం ఇంకా గట్టిపడదు కాబట్టి మామూలు అల్ట్రాసౌండ్‌తోనే వెన్నుపామును చూడవచ్చు. ఆ గడువు దాటితే ఎంఆర్ఐ తప్ప దారిలేదు, చిన్నపిల్లలకు దానికి మత్తు కూడా ఇవ్వాలి. అందుకే ప్రసూతి గదిలో చూసిన ఒక్క చూపు అంత విలువైనది.

వీపు తర్వాత పాదాలు. ఒక పాదం రెండోదానికంటే చిన్నదిగా ఉందా, అరికాలి వంపు ఎక్కువైందా, వేళ్లు గోళ్లలా ముడుచుకున్నాయా, ఒక చెప్పు అడుగు మాత్రమే త్వరగా అరిగిపోతోందా? మన దేశంలో నరాల డాక్టరు అడిగే మంచి ప్రశ్న ఒకటి ఉంది: నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోయినా పిల్లకు తెలియడం లేదా? పుస్తకంలో ఎలా ఉన్నా, తల్లికి వెంటనే అర్థమయ్యే ప్రశ్న ఇది.

ఎక్స్‌రేలో "స్పైనా బైఫిడా ఆకల్టా" అని రాసిన కాగితం పట్టుకుని బెంబేలెత్తే తల్లిదండ్రులూ ఉన్నారు. ఒక వెన్నుపూస వెనక కమాను కలవకపోవడం ఆరోగ్యవంతుల్లో నూటికి పదిమందిలోనైనా కనిపించే సంగతి. చర్మం మీద గుర్తు లేక, కాళ్లు బాగుండి, మూత్రం మలం సక్రమంగా ఉంటే ఆ కాగితాన్ని మడిచి లోపల పెట్టేయవచ్చు.

మలం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఎక్కువ అవమానం దానివల్లే. నాడులు పనిచేయని పేగులో మలం గట్టిపడి పేరుకుపోతుంది. దాని పక్కనుంచి పలుచని ద్రవం కారి లాగు పాడవుతుంది. చూసేవారికి విరేచనాలు అనిపిస్తుంది, విరేచనాలు కట్టే మందు వేస్తారు, లోపల గడ్డ ఇంకా బిగుస్తుంది. నిండిన పేగు ముందున్న మూత్రాశయాన్ని నొక్కి మూత్రం సమస్యనూ పెంచుతుంది. అందుకే అనుభవమున్న వైద్యులు పేగును చక్కబెట్టడంతోనే మొదలుపెడతారు. రోజూ ఒకే వేళకు ఎనిమాతో పేగును పూర్తిగా ఖాళీ చేయిస్తే మిగతా ఇరవై నాలుగు గంటలు పిల్ల శుభ్రంగా ఉండగలదు. బడికి వెళ్లే పిల్లకు అది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పాలా. పెద్దయ్యాక తనంతట తాను చేసుకోవడానికి, అపెండిక్స్‌ను పొట్ట మీదికి తెరిచి అక్కడినుంచి నీరు పంపే పద్ధతిని ప్యాట్రిక్ మలోన్ 1990లో ప్రచురించాడు. ఎనిమాకు ఏ నీరు, ఎంత అన్నది మాత్రం డాక్టరు చెప్పినట్టే చేయాలి. పిల్లలకు ఎక్కువ మోతాదులో వట్టి నీరు ఎక్కించడం ప్రమాదం.

ఇప్పుడు అసలు వైద్యం. 1972లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాక్ లాపిడెస్ బృందం ఒక చిన్న వ్యాసం ప్రచురించింది. అప్పటిదాకా మూత్రాశయంలోకి గొట్టం పెట్టాలంటే ఆపరేషన్ గదిలో ఉన్నంత సూక్ష్మజీవి రహితంగా చేయాలన్నది నియమం. లాపిడెస్ వాదన వేరు. ఇన్ఫెక్షన్‌కు అసలు కారణం బయటి క్రిమి కాదు, సాగి సాగి రక్తప్రసరణ తగ్గిన మూత్రాశయం. దాన్ని క్రమం తప్పకుండా ఖాళీ చేస్తే, సబ్బుతో కడుక్కున్న శుభ్రమైన చేతులు చాలు. రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు సన్నని కాథెటర్ పెట్టి మూత్రం తీసేసి, గొట్టాన్ని బయటికి లాగేయడం. అంతే. అప్పటివరకు వెన్ను లోపంతో పుట్టిన పిల్లల ప్రాణాలు ప్రధానంగా మూత్రపిండాల వైఫల్యం వల్లే పోయేవి. ఆ తరాన్ని యవ్వనందాకా తీసుకొచ్చిన ఘనతలో పెద్ద వాటా ఈ గొట్టానిదే. దీనికి తోడు మూత్రాశయం ఒత్తిడి తగ్గించే ఆక్సీబ్యూటినిన్ వంటి మందు ఉంది. ఒక స్థానిక హెచ్చరిక: ఆ మందు చెమటను తగ్గిస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే రాయపూర్ ఎండలో ఆ మందు మీద ఉన్న పిల్లను మధ్యాహ్నం ఆటలకు పంపకూడదు, జ్వరంలా ఒళ్లు కాలితే డాక్టరుకు చెప్పాలి.

కుటుంబాలు ఈ గొట్టానికి ఎందుకు ఒప్పుకోవో అర్థం చేసుకోవడం కష్టం కాదు. "రోజూ గొట్టమా? జీవితాంతమా? ఆడపిల్లకా?" అన్న మూడు ప్రశ్నల్లోనే భయమంతా ఉంది. రెండు నిమిషాల్లో మందు రాసి పంపే ఓపీలో ఆ భయం తీరదు. ఒక నర్సు పక్కన కూర్చుని, బొమ్మ మీద చూపించి, తల్లి చేత మూడు నాలుగుసార్లు చేయించాలి. ఆరేడేళ్లు దాటిన పిల్లలు చాలామంది తామే నేర్చుకుంటారు. గొట్టం వాడే పిల్లల మూత్రంలో క్రిములు కనబడడం మామూలే. జ్వరం, నొప్పి లేకుండా కేవలం రిపోర్టు చూసి ప్రతిసారీ యాంటీబయాటిక్ రాయడం పిల్లకు మేలు కాదు, మందుకు లొంగని క్రిములను పెంచడమే అవుతుంది.

నా అభిప్రాయంలో మన వైద్యం తడబడేది పరిజ్ఞానం లేక కాదు, ఈ పిల్లలకు ఒక ఇంటిపేరు లేక. వీపు ఆపరేషన్ ఒక విభాగం, మూత్రపిండాలు ఒక విభాగం, ఎముకలు ఒక విభాగం, వ్యాయామ చికిత్స ఇంకో అంతస్తు. వీపు కుట్లు మానగానే కాగితం మీద జబ్బు అయిపోతుంది. నిజానికి వెన్ను మూసే ఆపరేషన్ మెదడు, వెన్నుపాములను ఇన్ఫెక్షన్ నుంచి కాపాడుతుంది, అతుకు విడదీసే ఆపరేషన్ మరింత చెడకుండా ఆపుతుంది. పుట్టుకతో పోయిన నాడిని రెండూ తిరిగి తేలేవు. మూత్రాశయం లెక్క ఆపరేషన్ అయిన నెలలోనే మొదలవ్వాలి: మూత్రం పోశాక ఎంత మిగిలిందో, మూత్రపిండాలు ఉబ్బాయో లేదో అల్ట్రాసౌండ్‌లో చూడడం, ఒక మూత్ర పరీక్ష, ఒక క్రియాటినిన్. పిల్ల పెద్దదైతే రెండు రోజులపాటు ఏ వేళకు ఎంత మూత్రం పోసిందో తల్లి రాసిన పట్టిక. పిల్లల మూత్రాశయం ఎంత పట్టాలో సులువైన లెక్క ఉంది: వయసుకు ఒకటి కలిపి ముప్పైతో గుణిస్తే మిల్లీలీటర్లు. ఆరేళ్లకు 210, అంటే ఒక గ్లాసు. వీటిలో ఏదీ జిల్లా ఆసుపత్రికి అందనిది కాదు. ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ పరీక్షకు పెద్ద సంస్థ కావాలి, నిజమే, కానీ అక్కడికి ఎవరిని పంపాలో తేల్చేది ఈ చిన్న పరీక్షలే.

రాయపూర్‌ను ఎందుకు ప్రస్తావిస్తున్నానంటే ఈ చిక్కు అక్కడ దూరం రూపంలో కూడా కనిపిస్తుంది. 2012లో మొదలైన అక్కడి ఎయిమ్స్‌లో పిల్లల శస్త్రచికిత్స విభాగం, నరాల శస్త్రచికిత్స విభాగం ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. భిలాయిలో ఉక్కు కర్మాగారం కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది పక్క ఊరే. అదే విజయవాడకు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణపు కొసన ఉన్న కుంట వైపు తెలుగు మాట్లాడే పల్లెల వారికి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. జగ్దల్‌పూర్ దాటి అంత దూరం పిల్లను తీసుకొచ్చిన తండ్రికి ఒక్కో విభాగం ఒక్కో వారం తేదీ ఇస్తే మూడో తేదీకి అతను రాడు. అతని కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది. నెలకు ఒక్క రోజు, ఒకే గదిలో, పిల్లల సర్జన్, నరాల సర్జన్, గొట్టం నేర్పే నర్సు, వ్యాయామ చికిత్సకుడు కలిసి కూర్చునే స్పైనా బైఫిడా క్లినిక్ ఒక్కటి ఉంటే అతను వస్తాడు. దానికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక తేదీ కావాలి.

గుర్తించే పనికి కూడా కొత్త పథకం అవసరం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పట్టికలో పుట్టుకతో వచ్చే లోపాల కింద నాడీనాళ లోపమే మొదట ఉంటుంది. సంచార బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి బడులకు వెళ్లాలి. కానీ వరుసలో బట్టలతో నిలబెట్టి చూస్తే పళ్లు, కళ్లు కనబడతాయి, వీపు కనబడదు. అంగన్‌వాడీలో తల్లి సమక్షంలో లాగు దించి చూడడం, "పగలు తడుపుతుందా? మలం అంటుతుందా?" అని తల్లిని పక్కకు పిలిచి అడగడం, ఈ రెండూ చేర్చితే చాలు.

చివరగా డబ్బు. ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. వెన్ను ఆపరేషన్ దానిలో జరుగుతుంది. డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులూ వస్తాయి. పదహారో రోజు నుంచి కాథెటర్లు, ఆక్సీబ్యూటినిన్, డైపర్లు ఇంటి ఖర్చే. లక్షల ఆపరేషన్ ఉచితం, ఆ ఆపరేషన్ ఫలితాన్ని కాపాడే గొట్టం మాత్రం కొనుక్కోవాలి. ఏళ్ల తర్వాత మూత్రపిండాలు చెడితే డయాలసిస్‌కు మళ్లీ ప్రభుత్వమే ఖర్చు పెడుతుంది. ఇది లెక్కల ప్రకారం చూసినా తెలివైన పని కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో స్పైనా బైఫిడా పేరు విడిగా లేదు. నడవలేకపోతే చలన వైకల్యం కింద సర్టిఫికెట్ వస్తుంది. చక్కగా నడుస్తూ మూత్రం, మలం అదుపులో లేని పిల్లను ఆ పట్టికలో ఏ వరుసలో చూపించాలో తెలియదు. జిల్లా సత్వర చికిత్సా కేంద్రం నుంచి నెలనెలా కాథెటర్లు ఇచ్చే ఏర్పాటు చేస్తే ఈ రెండు చిక్కులూ కొంతవరకు తీరుతాయి.

బడి మాట కూడా ఉంది. ఉదయం తొమ్మిదికి వెళ్లి సాయంత్రం నాలుగుకు వచ్చే పిల్లకు మధ్యలో కనీసం ఒకసారి గొట్టం పెట్టుకోవాలి. దానికి తలుపు గడియ పడే మరుగుదొడ్డి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు, సంచి పెట్టుకోవడానికి ఒక మేకు, ఆ పిల్ల ఐదు నిమిషాలు ఆలస్యంగా క్లాసుకు వస్తే ఎందుకని నలుగురిలో అడగని టీచరు కావాలి. ఇవి లేనిచోట తల్లి రోజూ మధ్యాహ్నం బడికి నడిచి వస్తుంది, లేదా పిల్ల పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తుంది, లేదా బడే మానేస్తుంది.